వేలితో తడితే టంగుమనే చెక్క: పాత కారు డ్యాష్‌బోర్డుకి ఇంట్లోనే ఉడ్‌గ్రెయిన్ (చెక్క నార నమూనా) వేయడం ఎలా

1940ల నాటి అమెరికన్ కారులో కూర్చుని డ్యాష్‌బోర్డు మీద వేలితో తట్టి చూడండి. కంటికి వాల్‌నట్ చెక్కలా ఉంటుంది, చెవికి మాత్రం డబ్బా మీద కొట్టినట్టు టంగుమంటుంది. అది ఇనప రేకు. అంతకుముందు కార్లలో బాడీ లోపల చెక్క చట్రం ఉండేది. 1930ల్లో బాడీ మొత్తం ఉక్కుతోనే చేయడం మొదలయ్యాక ఆ చెక్క పోయింది. కానీ కారు కొనేవాళ్లకి కళ్ల ముందు చెక్క కనిపించాలి. అందుకని షెవ్రొలే, బ్యూక్, ప్యాకార్డ్, ఫోర్డ్ లాంటి కంపెనీలు రేకు మీదే చెక్క నారను అచ్చు వేయించాయి. నిజమైన చెక్క నమూనాని ఒక లోహపు పలక మీద సన్నని గుంటలుగా చెక్కించేవారు. ఆ గుంటల్లో ముదురు రంగు నింపి, పైన మిగిలింది గీకేసి, మెత్తటి రోలరుతో ఆ నమూనాని ఎత్తుకుని, లేత రంగు వేసి ఆరబెట్టిన డ్యాష్‌బోర్డు మీద దొర్లించేవారు. ఆపైన క్లియర్ లక్కర్, అంటే రంగు లేని మెరుపు పూత. అంతే.

జనరల్ మోటార్స్ 1928లో బొంబాయిలోని శివ్డీలో కార్లు బిగించే ఫ్యాక్టరీ పెట్టి 1954 దాకా నడిపింది. ఫోర్డ్ కూడా మద్రాసు, బొంబాయి, కలకత్తాల్లో బిగించేది. అందుకే ఈ కార్లు మన ఊళ్లలో కూడా ఇంకా అక్కడక్కడా షెడ్లలో కనిపిస్తాయి. కానీ లోపలి చెక్క నమూనా మిగిలిన కారు అరుదు. ఎండకి వెలిసిపోయాక ఎవరో ఒకరు దాని మీద బ్రౌన్ ఎనామిల్ కొట్టేసి ఉంటారు. మా 1947 షెవ్రొలేదీ అదే కథ. ఒకరోజు యాష్‌ట్రే ఊడదీస్తే, దాని చట్రం కింద బొటనవేలంత వెడల్పున అసలు నమూనా బయటపడింది. తేనె రంగు నేల, దాని మీద వెంట్రుక కంటే సన్నని గీతలు, మధ్యమధ్య తెగి మళ్లీ మొదలవుతూ. డెబ్బై ఏళ్లకు పైగా ఎండ తగలని ఆ ముక్కే నాకు గురువు అయింది.

ఆ ముక్కని భూతద్దంతో చూస్తే ఒక సంగతి తెలిసింది. మనం చెక్క అనుకునేది పైన ఉన్న ముదురు గీతని కాదు, గీతల సందుల్లోంచి తొంగిచూసే లేత రంగుని. ఈ పనిలో చాలామంది గీతల మీదే శ్రద్ధ పెట్టి, కింది రంగుని ఏదో ఒక బ్రౌన్‌తో సరిపెడతారు. అప్పుడు అది చెక్కలా ఉండదు, గీతలు గీసిన బ్రౌన్ రేకులా ఉంటుంది.

ఏ పద్ధతి?

నాలుగు దారులున్నాయి. స్టిక్కర్ అతికించడం అన్నిటికంటే తేలిక. కానీ పాత డ్యాష్‌బోర్డుకి రెండు వైపులా వంపులుంటాయి, వాటి దగ్గర స్టిక్కర్ ముడతలు పడుతుంది, ఎండకి అంచులు లేస్తాయి. నీళ్ల మీద ఫిల్మ్ తేల్చి భాగాన్ని ముంచే హైడ్రో డిప్పింగ్ బాగానే వస్తుంది, కాకపోతే డ్యాష్‌బోర్డు పట్టేంత తొట్టె కావాలి, దొరికే ఫిల్మ్ నమూనా మీ కారుదానిలా ఉండదు. చెక్కిన పలక, రోలరు ఉన్న కిట్లు విదేశాల్లో అమ్ముతారు. అవి ఫ్యాక్టరీ పద్ధతికి బాగా దగ్గర, ఖర్చు ఎక్కువ. నాలుగోది చేత్తో వేయడం. మన దగ్గర ఇనప తలుపులకి, బీరువాలకి టేకు గీతలు వేసే పెయింటర్లు చేసేది దాదాపు ఇదే పని. నేను చెప్పేది ఈ నాలుగో దారి.

విప్పడం

ముందు ఫోటోలు. ప్రతి మీటరు, ప్రతి నాబ్, ప్రతి స్క్రూ. తర్వాత స్పీకర్ జాలీ, యాష్‌ట్రే, గడియారం, క్రోమ్ పట్టీలు విప్పి వాటి కింద అసలు నమూనా ఉందేమో చూడండి. దొరికితే పగటి వెలుతురులో ఫోటో తీసి, దాని మీద పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు పెట్టి సన్నని మార్కరుతో గీతల్ని ఎత్తుకోండి. గీతల మధ్య ఎంత దూరం, ఏ దిశలో పోతున్నాయి, అనేవి ముఖ్యం. సాధారణంగా డ్యాష్‌బోర్డు మీద నార అడ్డంగా ఈ చివర నుంచి ఆ చివరకి పోతుంది. కిటికీల చుట్టూ ఉండే లోపలి పట్టీల మీద పట్టీ పొడవునా పోతుంది.

బ్యాటరీ ముందు విప్పాలి. ఈ కాలపు షెవ్రొలేలు 6 వోల్టులవి, నెగటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ నెగటివ్ వైరు కారు బాడీకి కలిపి ఉంటుంది. అదే కాలపు ఫోర్డ్, ప్లిమత్‌లలో పాజిటివ్ ఎర్త్ ఉంటుంది. ఏదైనా సరే ఎర్త్ వైరే ముందు తీయండి. లోపలి వైర్లకి గుడ్డ చుట్టు ఉంటుంది, వంచితే పొడిపొడిగా రాలిపోతుంది. లాగకండి. ఒక్కో వైరుకి కాగితం టేపు చుట్టి పేరు రాయండి. స్పీడోమీటర్ కేబులు, చోక్ కేబులు నింపాదిగా విప్పండి.

డ్యాష్‌బోర్డు మొత్తం విప్పే ధైర్యం లేకపోతే గ్లవ్ బాక్స్ మూత ఒక్కటే ఊడదీసి మొదలుపెట్టండి. నిజానికి అందరికీ నా సలహా అదే. చిన్నది, చదునుది, బల్ల మీద పెట్టుకుని చేయొచ్చు. అది సంతృప్తిగా వచ్చాకే మిగతావి.

పాత రంగు తీయడం

ఆ కాలపు రంగుల్లో సీసం ఉండొచ్చు. పొడిగా రుద్దకండి, గ్రైండరు పెట్టకండి. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి, పిల్లల చేతుల్లోకి పోతుంది. ఆరుబయట గాలి తగిలే చోట పెయింట్ రిమూవర్ రాసి, పైన ప్లాస్టిక్ కవరు కప్పి, పావుగంట తర్వాత మొద్దు గరిటెతో గీకండి. మందపాటి గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. గీకిన పొట్టుని మూటకట్టి పారేయండి, మొక్కల్లో వేయొద్దు. మిగిలిన మరకల్ని నీళ్లలో తడిపిన వాటర్ పేపరుతో రుద్దండి.

తుప్పు ఉన్నచోట ఫాస్ఫారిక్ ఆమ్లం ఉండే రస్ట్ రిమూవర్ రాసి, డబ్బా మీద రాసినట్టు కడిగి, వెంటనే ఆరబెట్టండి. అదే రోజు ఎపాక్సీ ప్రైమర్ పడాలి. మన సముద్రతీరపు ఊళ్లలో అయితే ఒక రాత్రి వదిలినా రేకు మళ్లీ ఎర్రబడుతుంది. ప్రైమర్ ఆరాక చిన్న గుంటలకి పలుచగా లప్పం పెట్టి, 320, 400, 600 నంబరు పేపర్లతో వరసగా రుద్ది నున్నగా చేయండి. పైన వేసే గ్లేజ్ (గీతలు లాగే పారదర్శకమైన ముదురు రంగు) చాలా పలుచగా ఉంటుంది, కింద ఉన్న ప్రతి గీతనీ బయటపెట్టేస్తుంది. చెయ్యి పెట్టి కళ్లు మూసుకుని తడమండి. కంటికి కనిపించని గుంట వేలికి తెలుస్తుంది.

నేల రంగు

ఇక్కడ ఎంత సమయం పెట్టినా ఎక్కువ కాదు. వాల్‌నట్ కావాలంటే నేల రంగు చిక్కటి పాలు ఎక్కువ పోసిన కాఫీలా, కాస్త పసుపు తిరిగి ఉండాలి. ఎర్రటి మహాగనీ కావాలంటే కొత్త మట్టికుండ రంగు. మీరు ఊహించుకున్న చెక్క రంగు కన్నా ఇది బాగా లేతగా ఉండాలి. డబ్బాలో చూస్తే ఇది చెక్క రంగేంటి అని అనుమానం వస్తుంది. రావాలి కూడా. గ్లేజ్, క్లియర్ పడ్డాక అది రెండు మెట్లు ముదురుతుంది.

రంగుల షాపులో సింథటిక్ ఎనామిల్ తెలుపు, పసుపు, బ్రౌన్ తీసుకుని మీరే కలుపుకోవచ్చు. మెరుపు మరీ ఎక్కువ లేని సాటిన్ రకం మేలు. మూడు నాలుగు రేకు ముక్కల మీద కొద్దికొద్దిగా తేడాతో రంగులు వేసి, వాటి మీద గ్లేజ్ పరీక్షించి అప్పుడు ఎంచుకోండి. పాత నూనె డబ్బా కోసి చదును చేస్తే అలాంటి ముక్కలు డజను వస్తాయి.

డ్యాష్‌బోర్డుకి స్ప్రేతో రెండు పలుచని కోట్లు వేయండి. తర్వాత వారం పది రోజులు ముట్టుకోకండి. పైకి ఒక్క రోజులో ఆరినట్టే ఉంటుంది, లోపల ఆరదు. కనపడని మూల టర్పెంటైన్ తడిపిన గుడ్డతో రుద్ది చూడండి. గుడ్డకి రంగు అంటకూడదు. ఈ పరీక్ష నెగ్గితేనే తర్వాతి పని హాయిగా ఉంటుంది. ఎందుకంటే గ్లేజ్ మీద గీసింది నచ్చకపోతే టర్పెంటైన్‌తో మొత్తం తుడిచేసి మళ్లీ మొదలుపెట్టొచ్చు, కింది రంగు చెక్కుచెదరదు. ఎన్నిసార్లయినా తుడవొచ్చు. ఈ భరోసా ఉంటే చేతిలో టెన్షన్ పోతుంది, చేతిలో టెన్షన్ లేకపోతేనే గీత బాగా వస్తుంది.

గ్లేజ్ కలపడం

బొమ్మలు వేసేవాళ్లు వాడే ఆయిల్ కలర్ ట్యూబులు తెచ్చుకోండి: బర్న్‌ట్ అంబర్, బర్న్‌ట్ సియెన్నా, చిన్న నలుపు. అంబర్, సియెన్నా రెండూ మట్టి రంగులు, ఎండకి వెలవవు. ఇలాంటి పనికి అదే ప్రాణం. మూడు వంతుల అంబర్‌కి ఒక వంతు సియెన్నా, నలుపు అగ్గిపుల్ల కొనంత. దీన్ని ఒక వంతు బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్, మూడు వంతుల టర్పెంటైన్ కలిపిన ద్రవంలో కొద్దికొద్దిగా కలుపుతూ పలుచని మజ్జిగలా చేయండి. రంగు నీళ్లలా పారదర్శకంగా ఉండాలి, పెయింటులా కప్పేయకూడదు.

రేకు ముక్క మీద రాసి బ్రష్షుతో గీత లాగి రెండు నిమిషాలు ఆగండి. గీతలు ఎక్కడివక్కడ నిలిస్తే సరిగ్గా ఉంది. ఒకదాంట్లో ఒకటి కలిసిపోతుంటే నూనె ఎక్కువైంది, కాస్త రంగు కలపండి, లేదా చిటికెడు మెత్తటి చాక్ పొడి కలపండి. చాక్ పొడి నూనెలో పడితే తెల్లదనం కనపడదు, కానీ గ్లేజ్‌కి కాస్త పట్టు ఇస్తుంది.

లిన్సీడ్ ఆయిల్ అంటిన గుడ్డలు ముద్దగా చుట్టి మూలన పడేయకండి. అవి ఆరుతూ వాటంతట అవే వేడెక్కి మంట అంటుకుంటాయి. ఇది నిజంగా జరిగే ప్రమాదం. పని అయిన వెంటనే నీళ్ల బకెట్లో వేయండి.

నార లాగడం

తలుపుల పెయింటర్లు వాడే రబ్బరు రాకర్ (ఊపుతూ లాగితే చెక్క గీతలు పడే అచ్చు) కొనుక్కుందామనిపిస్తుంది. దాని అచ్చు తలుపుకి సరిపోయే సైజు. డ్యాష్‌బోర్డు మీద అది వేస్తే చీర మీదికి దుప్పటి డిజైను తెచ్చినట్టు ఉంటుంది. కారు లోపలి నార చాలా సన్నం. కాబట్టి పనిముట్లు మీరే చేసుకోండి. రెండంగుళాల పాత బ్రష్షు తీసుకుని అక్కడక్కడా వెంట్రుకలు కత్తిరించి పలుచన చేయండి. పెన్సిల్ రబ్బరు అంచున బ్లేడుతో దగ్గర దూరంగా గాట్లు పెట్టి చిన్న దువ్వెన చేయండి. సైకిల్ ట్యూబు ముక్క, కోడి ఈక, పాత టూత్‌బ్రష్, మొహానికి పౌడర్ అద్దే మెత్తటి కుచ్చు బ్రష్ కూడా దగ్గర పెట్టుకోండి.

గ్లేజ్‌ని మొత్తం భాగానికి పలుచగా రాయండి. కోసిన బ్రష్షుని బాగా పిండి, దాదాపు పడుకోబెట్టినట్టు పట్టుకుని, ఎడమ చివర నుంచి కుడి చివర దాకా ఆగకుండా ఒకే లాగు లాగండి. మణికట్టు కదలకూడదు. భుజం నుంచి చెయ్యి మొత్తం కదలాలి, అవసరమైతే మీరే ఒక అడుగు పక్కకి వేయాలి. మధ్యలో ఆగితే అక్కడ మచ్చ పడుతుంది. లాగుతున్నప్పుడు చెయ్యి కొద్దిగా ఊగనివ్వండి. స్కేలు పెట్టినట్టు తిన్నగా ఉంటే అది చెక్క కాదు, నోటుపుస్తకం. పక్క లాగు ముందుదాని అంచుని కొంచెం కప్పుతూ అదే ఊగుడుని అనుసరించాలి, ఎందుకంటే చెట్టులో ఒక వలయం పక్క వలయం ఆకారాన్నే పట్టుకుపోతుంది.

తర్వాత రబ్బరు దువ్వెనతో రెండు మూడు చోట్ల మాత్రమే, అంగుళం వెడల్పున, కాస్త స్పష్టమైన గీతలు లాగండి. మొత్తం నింపేయాలన్న కోరికని ఆపుకోండి. ఖాళీగా వదిలిన చోటే కన్ను నమ్ముతుంది.

ఇప్పుడు ఈ పనిలో నాకు బాగా ఇష్టమైన భాగం. పొడి బ్రష్షుని చదునుగా పట్టుకుని, నార దిశలోనే, తడి గ్లేజ్ మీద చిన్నగా చప్పట్లు కొట్టినట్టు తట్టుకుంటూ పోండి. పొడవు గీతలన్నీ తెగి చిన్నచిన్న గాట్లుగా మారతాయి. నిజమైన వాల్‌నట్‌లో కనిపించే రంధ్రాలు ఇవే. అప్పటిదాకా రంగు రాసినట్టున్నది ఒక్కసారి చెక్కగా మారిపోతుంది. చివరగా పౌడర్ బ్రష్షుతో, గాలి తగిలినంత తేలికగా, నారకి అడ్డంగా ఒకసారి తడమండి. గీతల పదును తగ్గుతుంది.

మీ కారులో గడియారం చుట్టూనో జాలీ పక్కనో బుడిపె చెక్క (చెట్టు కాండం మీది బుడిపె నుంచి కోసిన, చుక్కలు సుడులు ఉండే చెక్క) నమూనా ఉంటే, అక్కడ గీతలు లాగకుండా నలిపిన గుడ్డతో అద్ది, వేలికి గుడ్డ చుట్టి అక్కడక్కడా మెలితిప్పండి. చిన్న కళ్లలా వస్తాయి. గుంపులుగా ఉండాలి, ముగ్గు చుక్కల్లా సమానదూరంలో కాదు.

ఇదంతా ఇరవై నిమిషాల్లో అయిపోవాలి, ఆ తర్వాత గ్లేజ్ పట్టుకుంటుంది. రోహిణి కార్తె ఎండల్లో పది నిమిషాలు కూడా ఇవ్వదు. శీతాకాలం ఉదయం, ఫ్యాన్ ఆపేసిన గదిలో చేయండి. మొదటి రెండు మూడు ప్రయత్నాలు తుడిచేయాల్సి వస్తుంది, దానికి బాధపడొద్దు. నేను గ్లవ్ బాక్స్ మూతని ఆరుసార్లు తుడిచాను.

ఒకటి రెండు రోజులు ఆరాక కొంచెం ముదురు గ్లేజ్ మరీ పలుచగా మళ్లీ ఒకసారి రాసి తుడిచి, అంచుల్లో మాత్రం మిగల్చండి. సన్నని బ్రష్షుతో నాలుగైదు ముదురు వెంట్రుక గీతలు వేయండి. లోతు ఈ రెండో పొరతోనే వస్తుంది.

క్లియర్

నాలుగు రోజులు, చలికాలమైతే వారం ఆరనివ్వండి. మొదటిసారి నేను చేసిన పెద్ద తప్పు ఇక్కడే. చక్కగా వచ్చిన మూత మీద ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) లక్కర్ స్ప్రే చేశాను. చూస్తుండగానే పాల మీద మీగడ కట్టినట్టు మొత్తం ముడతలు పడి లేచింది. లక్కర్‌లోని ఘాటైన థిన్నర్ కింద ఉన్న నూనె రంగుల్ని ఉబ్బించేస్తుంది. కింద నూనె పొరలున్నప్పుడు పైన కూడా వాటికి సరిపడేదే వేయాలి. ఒకే డబ్బాలో వచ్చే, టర్పెంటైన్‌తో పలుచన అయ్యే పాలీయురేథేన్ వార్నిష్ తీసుకోండి. ఎండని తట్టుకునేలా బయటి చెక్కకి వాడే రకం అయి ఉండాలి. మే నెలలో మూసి ఉన్న కారులో డ్యాష్‌బోర్డు వేడి 70 డిగ్రీలు దాటగలదు.

బ్రష్షుతో వేస్తే గ్లేజ్ చెదరొచ్చు. స్ప్రేతో మొదటి కోటు పొగమంచులా వేసి వదిలేయండి. మొత్తం నాలుగు పలుచని కోట్లు, రోజుకొకటి. మొదటి రెండు కోట్ల తర్వాత పేపరు పెట్టొద్దు, నార కోసుకుపోతుంది. మూడో కోటు తర్వాత 1000 నంబరు పేపరుతో నీళ్లు పోస్తూ తేలికగా రుద్ది, చివరి కోటు వేయండి. అద్దంలా మెరిసే టూకే క్లియర్ (హార్డెనర్ కలిపి వాడే రెండు డబ్బాల రకం) కావాలంటే అది ఇంట్లో వద్దు. దాని హార్డెనర్‌లో ఊపిరితిత్తులకి హాని చేసే ఐసోసయనేట్‌లుంటాయి, మామూలు మాస్కు వాటి నుంచి కాపాడదు. బూత్, గాలి పంపే మాస్కు ఉన్న పెయింటింగ్ షెడ్‌కే ఇవ్వండి. వాళ్లకి కింద ఆయిల్ గ్లేజ్ ఉందని ముందే చెప్పి, రేకు ముక్క మీద వేయించి చూశాకే అసలు భాగం అప్పగించండి. నాకైతే మరీ మెరుపు ఈ కార్లకి నప్పదనిపిస్తుంది.

బిగించడం

మూడు వారాలు ఆగండి. వార్నిష్ పచ్చిగా ఉంటే క్రోమ్ పట్టీల అంచులు దాంట్లోకి దిగిపోయి అతుక్కుంటాయి. స్క్రూ రంధ్రాల్లో పేరుకున్న రంగుని చేత్తో తిప్పే డ్రిల్ బిట్‌తో శుభ్రం చేయండి, లేకపోతే స్క్రూ తిప్పగానే అంచు చిట్లుతుంది. మీటర్ల చుట్టూ పలుచని ఫెల్టు వాషర్లు వేయండి. గుడ్డ చుట్టు రాలిపోయిన వైర్లేమైనా ఉంటే డ్యాష్‌బోర్డు బయట ఉన్నప్పుడే మార్చేయండి. ఎర్త్ వైరు అన్నిటికంటే చివర తగిలించండి.

యాష్‌ట్రే వెనకాల దొరికిన ఆ పాత ముక్క మీద నేను రంగు వేయలేదు, చుట్టూ టేపు వేసి అలాగే ఉంచేశాను. మీకూ దొరికితే అలాగే వదలండి. రేపు ఈ కారు ఎవరి చేతికి పోయినా వాళ్లకి అసలు నమూనా చూసుకునే వీలుంటుంది. మిగిలిన గ్లేజ్‌ని నిండుగా చిన్న గాజు సీసాలో పోసి, పాళ్లు, తేదీ రాసి, నచ్చిన రేకు ముక్కని దానికి రబ్బరు బ్యాండుతో కట్టి నీడలో పెట్టండి. కిటికీ పట్టీలు చేసే రోజున అదే కావాలి.